చివరి రెండంకెలు

ఆవిడకి సున్నా వేసింది నేనే. కంప్యూటరు వేసిందని కొన్నాళ్ళు బుకాయించాను గానీ, ఏది ఒప్పో ఏది తప్పో ఆ కంప్యూటరుకి ముందే చెప్పిపెట్టింది నేను కాబట్టి ఆ సున్నా నాదే. ఈ కథ చెప్పడానికి నాకున్న అర్హత కూడా అంతే.

మా కాలేజీలో నేను ‘కంప్యూటర్ పరిచయం’ అనే నాలుగు నెలల కోర్సు చెబుతాను. మౌస్ పట్టుకోవడంతో మొదలై, ఉత్తరం టైపు చేయడం, పట్టిక తయారు చేయడం, మెయిలు పంపడం దాకా వెళ్ళి ఆగిపోతుంది. తొమ్మిదేళ్ళుగా అదే పాఠం, గాలాడని అదే ల్యాబు, అవే ముప్పై కంప్యూటర్లు. వాటిలో నాలుగు ఎప్పుడూ పనిచేయవు. ఏ నాలుగన్నది మాత్రం రోజుకో రకంగా ఉంటుంది. పగటి బ్యాచిలో మొదటి సంవత్సరం పిల్లలు వస్తారు. ఇదంతా పుట్టకముందే తెలుసన్నట్టు కాళ్ళు బారజాపుకుని కూర్చుంటారు. సాయంత్రం అయిదున్నర బ్యాచి వేరు. పగలంతా ఎక్కడో పనిచేసి, ఆఫీసువాళ్ళు సర్టిఫికెట్ తెమ్మంటే చచ్చినట్టు వచ్చేవాళ్ళు. ఆ ఏడాది సాయంత్రం బ్యాచిలో ఇరవై ఆరుమంది ఉంటే, అందులో సగంమంది ఊళ్ళోని పెద్దాసుపత్రి నుంచి వచ్చినవాళ్ళే.

ఫైళ్ళక్క కూడా ఆ సగంలో మనిషే. ఆసుపత్రిలో అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. అక్కడి రికార్డు గదిలో రోగుల ఫైళ్ళు చూస్తుంది. యాభై ఒక్క ఏళ్ళు. కళ్ళజోడుకి తాడు కట్టి మెడలో వేసుకుంటుంది. మొదటిరోజు అందరికంటే ముందొచ్చి ముందు వరుసలో కూర్చుంది. మౌస్ కదిపితే తెరమీద బాణం కదులుతుందని నేను చెప్పిన రెండు నిమిషాలకి చెయ్యెత్తింది.

“మేడమ్, బల్ల అయిపోయింది. బాణం ఇంకా సగం దూరంలోనే ఉంది.”

చూస్తే, మౌస్‌ని బల్ల అంచుదాకా నెట్టుకెళ్ళి గాల్లో పట్టుకుని ఉంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ వెనక్కి తిరిగి, “నవ్వు తర్వాత. ముందు నీ బాణం ఎక్కడుందో చూసుకో” అంది. ఆ నవ్విన పిల్ల బాణం కూడా ఎక్కడా కనబడలేదు. ఆ రోజు నుంచి ఆవిడ వెనక ఎవరూ నవ్వలేదు.

నాకు మాత్రం ఆవిడతో తలప్రాణం తోకకి వచ్చేది. ఏదీ ఊరికే ఒప్పుకోదు. ఒక ముక్కని ఒకచోట కత్తిరించి ఇంకోచోట అతికించడం నేర్పిన రోజున, “కత్తిరించిన చోట ఏం మిగల్లేదేంటి?” అని నిలదీసింది.

“ఏం మిగలదక్కా. అది ఇక్కడినుంచి అక్కడికి పోయింది.”

“మరి ఎవరు తీసుకెళ్ళారో, ఎప్పుడు తీసుకెళ్ళారో ఎలా తెలుస్తుంది? మా గదిలో ఫైలు తీస్తే ఆ సందులో కార్డు పెడతాం. తీసినవాళ్ళ పేరు, తేదీ, సంతకం. కార్డు లేకుండా ఫైలు కదిలితే నేను ఊరుకోను.”

ఊరుకోదన్నది ఒట్టి మాట కాదని తర్వాత ఆసుపత్రివాళ్ళు చెప్పారు. ఒకసారి గుండె డాక్టరు, ఆ ఆసుపత్రిలో అందరూ హడలిపోయే మనిషి, కార్డు పెట్టకుండా ఫైలు పట్టుకెళ్ళాడట. ఈవిడ కార్డూ కలమూ పట్టుకుని ఆపరేషన్ గది బయట గంటన్నర నిలబడిందట. ఆయన బయటికి రాగానే, చేతి తొడుగులు విప్పకముందే కార్డు ముందుకు చాచిందట. ఆయన కోపంతో ఎర్రబడ్డాడట గానీ సంతకం పెట్టాడు. ఇది విని నేను నవ్వుకున్నాను. ఆ కార్డు ఒకనాడు నా ముఖం ముందుకే వస్తుందని అప్పుడు తెలియదు కదా.

ఆవిడ ఆ గదిలోకి వచ్చిన తీరు కూడా చెప్పాలి. పాతికేళ్ళ వయసులో ఆసుపత్రిలో వరండాలు తుడిచే పనిలో చేరింది. మెట్లు దిగితే వచ్చే రికార్డు గది ముందున్న వరండా ఆవిడ వంతు. లోపల ఒక ముసలాయన ఉండేవాడు, లావుపాటి అద్దాల మనిషి, ఎవరితోనూ ముక్క మాట్లాడడు. తుడుస్తూ తుడుస్తూ ఆయన ఫైళ్ళు పెట్టే పద్ధతి ఈవిడ ఏడెనిమిది నెలలు చూసింది. ఒకరోజు ఆయన చేతిలోంచి ఒక కట్ట జారి చెల్లాచెదురైంది. నడుం పట్టేసి ఆయన కుర్చీలో కూలబడితే, ఈవిడ చీపురు గోడకి ఆనించి, పద్నాలుగు ఫైళ్ళూ తీసుకెళ్ళి వాటి వాటి అరల్లో పెట్టేసింది. ఆయన తేరుకుని లేచి ఒక్కొక్కటే చూసుకున్నాడట. ఒక్కటి కూడా తప్పుగా లేదు. మర్నాటి నుంచి నేర్పడం మొదలుపెట్టాడు. ఆయన పోరగా పోరగా ముప్పయ్యో ఏట పదో తరగతి కట్టి పాసైంది. ఆ గది ఆవిడకి అప్పనంగా రాలేదు.

ఇప్పుడు ఆ గది మీదికే వచ్చింది. ఆసుపత్రి సూపరింటెండెంటు నోటీసు పెట్టాడు: రికార్డు గదిలో పనిచేసేవాళ్ళందరూ ఈ బ్యాచి ముగిసే నెలాఖరులోపు కంప్యూటరు కోర్సు పాసైన సర్టిఫికెట్ చూపించాలి, లేనివాళ్ళని ఒకటో తారీఖు నుంచి లాండ్రీకి పంపుతారు. గదిలో మిగతా ముగ్గురూ చిన్నవాళ్ళు, వాళ్ళకి సర్టిఫికెట్లు ఉన్నాయి. ఆ నోటీసు ఎవరికోసమో అందరికీ తెలుసు.

“దుప్పట్లు ఉతకడం చిన్నతనమేం కాదు” అనేది ఆవిడ. “కానీ నేను పెంచిన గదిలోంచి నన్ను బయటికి తోస్తే మాత్రం ఊరుకోను.”

అందుకే కష్టపడింది. చదివిందే చదివింది. పట్టికల పాఠం నడుస్తున్నప్పుడు ఒకరోజు అడిగింది: “మేడమ్, ఒక నంబరులో చివరి రెండంకెలు విడిగా లాగడానికి ఏమైనా ఉందా?” ఉందని చెప్పాను. ఒక చిన్న ఫార్ములా. పరీక్షకి రాదని కూడా చెప్పాను. “పరీక్షకి రాకపోతే రాకపోనీ, రాసుకుంటాను” అని నోటుపుస్తకంలో రాసుకుంది. మధ్య రెండంకెలకి ఎలా, మొదటి రెండింటికి ఎలా అని కూడా అడిగి రాసుకుంది. ఎందుకని నేను అడగలేదు. తొమ్మిదేళ్ళు ఒకే పాఠం చెప్పినవాళ్ళకి అడిగే అలవాటు పోతుంది.

పరీక్ష పేపరు తయారు చేసింది నేనే. సగంమంది ఆసుపత్రివాళ్ళే కదా, వాళ్ళకి దగ్గరగా ఉంటుందని మహా తెలివిగా ఆసుపత్రి ప్రశ్న ఒకటి వేశాను. మూడువందల మంది రోగుల ఫైలు నంబర్ల జాబితా ఇచ్చి, “ఈ ఫైళ్ళను అరల్లో సర్దే వరుసలో పట్టిక తయారు చేయండి” అన్నాను. ముప్పై మార్కులు. చిన్న నంబరు నుంచి పెద్ద నంబరుకి పేర్చడమే జవాబు. రెండు క్లిక్కుల పని. దిద్దే పని ప్రోగ్రాముది. నా జవాబుతో పోల్చి చూసి అదే మార్కులు వేసేస్తుంది. పాస్ కావాలంటే వందకి యాభై రావాలి.

ఇరవై అయిదుమందికి ముప్పైకి ముప్పై వచ్చాయి. ఫైళ్ళక్కకి సున్నా. మిగతా పేపరులో తెచ్చుకున్నవి నలభై ఏడు. మూడు మార్కుల్లో ఫెయిలు.

ఆవిడ పట్టిక తెరిచి చూశాను. 120500, దాని కింద 471100, దాని కింద 083000. పేకముక్కలు కలిపి పరిచినట్టుంది. నంబర్ల పక్కన ఏవో మూడు గడులు అదనంగా పెట్టుకుంది. పాపం కంగారుపడి అంతా కలగాపులగం చేసుకుందనుకున్నాను. జాలి కూడా పడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ జాలికే ఎక్కువ సిగ్గేస్తుంది.

ఫలితాలు అంటించిన సాయంత్రం ఆవిడ కాలేజీ ఎదురుగా ఉన్న బస్‌స్టాపులో కూర్చుని కనిపించింది. ఏడుస్తుందేమోనని పక్కన కూర్చున్నాను. ఏడవడం లేదు. మండిపడుతోంది.

“మేడమ్, ఆ ముప్పై మార్కులు ఎందుకు రాలేదు?”

“నంబర్లు వరుసలో లేవక్కా.”

“ఉన్నాయి.”

“లేవు. నేను చూశాను.”

“నువ్వు చూడ్డం రాక చూశావమ్మాయ్.” క్లాసు బయట నేను మేడమ్‌ని కాదని అప్పుడే తెలిసింది. సంచిలోంచి ఒక కాగితం తీసి దానిమీద 482617 అని రాసింది. “ఇది ఒక ఫైలు. ఎక్కడ పెడతావ్?”

“నాలుగు లక్షల ఎనభై రెండు వేల ఆరువందల పదహారు తర్వాత.”

“పెట్టవు. చివరి రెండంకెలు చూడు. పదిహేడు. అంటే పదిహేడో బీరువా. మధ్య రెండంకెలు ఇరవై ఆరు. ఆ బీరువాలో ఇరవై ఆరో అర. మొదటి రెండూ నలభై ఎనిమిది. ఆ అరలో నలభై ఎనిమిదో చోటు. వెనకనుంచి ముందుకి. సున్నా సున్నా నుంచి తొంభై తొమ్మిది దాకా వంద బీరువాలు. మా గదే కాదు, పెద్ద రికార్డు గది ఎక్కడున్నా చాలాచోట్ల ఇదే పద్ధతి.”

“ఎందుకక్కా అంత తిరకాసు?”

“తిరకాసు నీది. కొత్తగా పేరు రాయించుకున్నవాళ్ళే కదా ఎక్కువసార్లు వచ్చేది. నీ వరుసలో పెడితే వాళ్ళ ఫైళ్ళన్నీ గదిలో ఒక్క మూలకే చేరతాయి. నలుగురం ఆ సందులోనే ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళం తొక్కుకుంటాం. ఆ మూల నిండిపోయిన ప్రతిసారీ మొత్తం జరుపుకోవాలి. చివరి అంకెల్తో పెడితే కొత్తవి వంద బీరువాల్లోకీ సమానంగా సర్దుకుంటాయి. తలా పాతిక బీరువాలు. ఎవరి పని వాళ్ళది. మనిషి కౌంటరులో పేరు చెప్పిన అయిదు నిమిషాలకి ఫైలు డాక్టరు బల్లమీద ఉంటుంది.”

ఆ మూడు అదనపు గడులేమిటో అప్పుడు అర్థమైంది. నంబరుని మూడు ముక్కలు చేసి, ముక్కల్ని వెనకనుంచి పేర్చింది. పాఠంలో లేని ఫార్ములాతో. మిగతా ఇరవై అయిదుమందీ రెండు క్లిక్కులు కొట్టి ముప్పై పట్టుకుపోతే, ఈవిడ ఇరవై మెట్లు ఎక్కి సున్నా తెచ్చుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

కానీ నేను పిరికిదాన్ని. నాది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. నేను తయారుచేసిన జవాబుల కీ తప్పని ఒప్పుకుంటే మా డిపార్టుమెంటు హెడ్డు గారు ఏమంటారోనన్న భయం. కీ అంటే ఆయనకి శిలాశాసనం. అందుకని అన్నాను: “మీరు చెప్పింది నిజమే అక్కా. కానీ శనివారం మళ్ళీ పరీక్ష పెడుతున్నాం. ఆ ఒక్కరోజుకి మామూలు వరుసలో పెట్టెయ్యండి. రెండు క్లిక్కులు. పాసైపోతారు.”

ఆవిడ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు.

“నా గది నిలబెట్టుకోడానికి రాసే పరీక్షలో, నా గదిలో ఎన్నడూ చెయ్యని పని చెయ్యమంటావా? అలా సర్దినవాళ్ళని నేను అదేరోజు బయటికి పంపిస్తాను. రాయను. నేను తప్పు రాసుంటే వందసార్లు రాస్తాను. ఒప్పు రాసి, తప్పు రాయడానికి మళ్ళీ రమ్మంటే రాను.”

“లాండ్రీకి పంపించేస్తారక్కా.”

“పంపమను.”

ఇంటికెళ్ళాక మనసాగక ఆవిడ ఇంటికి ఫోన్ చేశాను. వాళ్ళాయన ఎత్తాడు. దర్జీ పని చేస్తాడాయన, ఫోనులో కుట్టుమిషను చప్పుడు వినబడుతూనే ఉంది. కాస్త నచ్చజెప్పమని బతిమాలాను.

“ముప్పై ఏళ్ళ నుంచి నచ్చజెబుతున్నానమ్మా” అన్నాడు. “ఒక్కసారీ నా పప్పులు ఉడకలేదు. ఇంకో సంగతి చెప్పనా? ఆ ముప్పై ఏళ్ళలో చాలాసార్లు ఆవిడే కరెక్టు. ఈసారి మీరే నచ్చజెప్పుకోండి, మీకు మీరు.” నవ్వి పెట్టేశాడు.

శనివారం పరీక్షకి ఆవిడ రాలేదు. సోమవారం పొద్దున్న హెడ్డు గారి బల్లమీద ఆవిడ ఉత్తరం ఉంది. నేను నేర్పిన పద్ధతిలోనే టైపు చేసింది. కుడివైపు తేదీ, మధ్యలో విషయం, అక్షరాల మధ్య ఖాళీలన్నీ సరిగ్గా ఉన్నాయి. అందులో ఇలా ఉంది: “నా జవాబు తప్పని ఎవరైనా చూపిస్తే నేను నెలాఖరు దాకా ఆగను, మర్నాడే లాండ్రీలో చేరతాను. చూపించలేకపోతే నా మార్కులు నాకు వేయండి.” కింద సంతకం. దాని ప్రతి ఒకటి సూపరింటెండెంటుకి కూడా పంపింది. తాడో పేడో తేల్చుకోవడానికే దిగిందన్నమాట.

నాకు లోలోపల ఎక్కడో, శభాష్ అనిపించింది. అబద్ధమెందుకు.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి హెడ్డు గారి గదిలో అందరం కూర్చున్నాం. హెడ్డు గారు, ఆసుపత్రి సూపరింటెండెంటు, నేను. ఫైళ్ళక్క కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. హెడ్డు గారికి ఈ వ్యవహారం త్వరగా తేలిపోవాలి. ఆయన గొంతులో తేనె కలుపుకుని మొదలుపెట్టారు.

“చూడమ్మా, ఇంత గొడవ అక్కర్లేదు. నీకు తక్కువైంది మూడు మార్కులే కదా. గ్రేసు మార్కులు వేసే అధికారం నాకుంది. మూడు కలిపేస్తాను. యాభై. పాస్. సర్టిఫికెట్ ఇవాళే తీసుకెళ్ళు.”

సూపరింటెండెంటు కూడా తలూపాడు. తన నోటీసు నిలబడుతుంది, ఆవిడ ఉద్యోగమూ నిలబడుతుంది, అందరి పరువూ దక్కుతుంది. గండం గడిచిందనుకున్నాను.

“గ్రేసంటే ఏంటి సార్?” అంది ఫైళ్ళక్క.

“అంటే... దయతలిచి ఇచ్చేవి.”

“ఎవరిమీద దయ?”

హెడ్డు గారు బల్లమీది కాగితాలు సర్దుకున్నారు.

“నాకు దయ వద్దు సార్. దిద్దండి. నేను రాసింది తప్పయితే ఆ మూడు కూడా నాకొద్దు. ఒప్పయితే మూడెందుకు, ముప్పై రావాలి.”

“కీ ప్రకారం తప్పేనమ్మా అది. కీ మార్చడానికి లేదు.” ఈసారి తేనె లేదు. ఆయన సూపరింటెండెంటు వైపు తిరిగారు. “మీరే చెప్పండి సార్. మీ ఆసుపత్రిలో ఫైళ్ళు ఎలా సర్దుతారు?”

ఇరవై ఏళ్ళు ఆ ఆసుపత్రిలో పనిచేసిన సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. “నంబరు వరుసలోనే అనుకుంటానండీ.”

“అనుకుంటారా?” అంది ఫైళ్ళక్క. అరవలేదు. అరిచినా బాగుండేది. “మా గది మెట్లు మీరు ఎన్నిసార్లు దిగారు సార్? నన్ను తియ్యడానికి నోటీసు అంటించారు. అది కూడా బయట తలుపుకే అంటించి వెళ్ళారు.”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఫైళ్ళక్క అప్పుడు నా వైపు తిరిగింది. బ్యాచిలో మొదటిరోజు చెయ్యెత్తినప్పటిలాగే తిన్నగా చూసింది.

“మేడమ్, ఈ ప్రశ్న ఎవరు రాశారు?”

ఆవిడకి తెలుసు. హెడ్డు గారికీ తెలుసు. నేను నోరు విప్పకపోయినా ఆ గదిలో ఎవరూ నన్ను బలవంతపెట్టేవాళ్ళు కాదు. హెడ్డు గారైతే మాట్లాడొద్దన్నట్టు కనుసైగ కూడా చేశారు. ఆ సైగ చూశాకే నాకు ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళుగా ఆ సైగలకి తలవంచుకుని బతుకుతున్నాను కదా అనిపించింది.

“నేనే” అన్నాను. “రికార్డు గది ఎలా ఉంటుందో తెలియకుండా రాశాను. అరల్లో సర్దే వరుస అడిగి, సర్దని వరుసని జవాబుగా పెట్టాను. కీ తప్పు సార్. ఆవిడ జవాబు కాదు.”

“ఏం మాట్లాడుతున్నావమ్మా నువ్వు?” అన్నారు హెడ్డు గారు.

“దిద్దుతాను అంటున్నాను.”

ఆవిడ పట్టిక అచ్చు తీయించి తెచ్చాను. ఏడు పేజీలు. ఎర్ర కలం తీసుకుని ఆ బల్లమీదే దిద్దడం మొదలుపెట్టాను. మూడువందల నంబర్లు, ఒక్కొక్కటీ వెనకనుంచి ముందుకి చదివాను. మొదట్లో తడబడ్డాను. రెండో పేజీకి కళ్ళు అలవాటుపడ్డాయి. హెడ్డు గారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. సూపరింటెండెంటు మాత్రం కుర్చీ నా పక్కకి లాక్కుని తనూ చదవసాగాడు.

మూడో పేజీలో ఇంకో సంగతి బయటపడింది. పాత రోగుల నంబర్లు సున్నాతో మొదలవుతాయి. నేనిచ్చిన జాబితాలో ఆ ముందు సున్నాలు లేవు. అంకె ముందు సున్నా కనిపిస్తే పట్టికల ప్రోగ్రాము మింగేస్తుంది. జాబితా ఎక్కించినప్పుడే పన్నెండు నంబర్లు అయిదంకెలవి అయిపోయాయి. నేను చూసుకోలేదు. నా కీ కూడా చూసుకోలేదు. రాసిన మిగతావాళ్ళెవరూ చూసుకోలేదు. ఆవిడ చూసింది. ఆ గడుల్ని అక్షరాల గడులుగా మార్చి సున్నాలు తిరిగి పెట్టింది.

“అయిదంకెల ఫైలు మా దగ్గర ఒక్కటీ లేదు” అంది నేనడగకుండానే.

అయిదో పేజీలో నా కలం ఆగింది. 91344. పన్నెండింటిలో పదకొండింటికి సున్నా పెట్టింది, దీనికి పెట్టలేదు. 091344 కావాలి. నలభై నాలుగో బీరువాలో పదమూడో అరలో ఉండాల్సింది. ముక్కలు తప్పుగా విరగడంతో అదే బీరువాలో ముప్పై నాలుగో అరకి వెళ్ళిపోయింది. మూడువందల్లో అదొక్కటే. నేను తల ఎత్తలేదు. ఆ ఒక్కటీ చూడనట్టు పేజీ తిప్పేద్దామనుకున్నాను. తిప్పబోయాను కూడా.

సూపరింటెండెంటు కూడా చూశాడు. చూపు కిటికీ వైపు తిప్పుకున్నాడు. హెడ్డు గారు నా భుజం మీదుగా వంగి చూసి, “సరే సరే, ఒక్కటే కదా, దాన్ని వదిలెయ్. ముప్పై వేసెయ్యి” అన్నారు. ఏదో ఒకటి వేసి ముగించెయ్యాలని ఆయన ఆత్రం.

ఫైళ్ళక్క కళ్ళజోడు పెట్టుకుని వంగి ఆ వరుస చూసింది. చాలాసేపు చూసింది. ఆవిడ ముఖం మొదటిసారి చిన్నబోయింది. సున్నా వచ్చిన రోజున కూడా అలా అవలేదు.

“తియ్యి” అంది.

“ఏంటక్కా?”

“మార్కు తియ్యి. ఇది నా తప్పు. ఈ మనిషి రేపు పొద్దున్న వస్తే ఈ ఫైలు దొరకదు. డాక్టరు ముందు కొత్త మనిషిలా కూర్చోవాలి. ఏ మందు పడదో ఎవరికీ తెలీదు. వదిలెయ్యడానికి ఇదేమన్నా ఊరికే ఒక అంకెనా?”

“నేనే వదిలెయ్యమంటుంటే నీకేంటమ్మా?” అన్నారు హెడ్డు గారు విసుగ్గా.

“మీరు వదిలేస్తారు సార్. మీ దగ్గరికి ఫైలు కోసం ఎవరూ రారు కదా.”

నేను ఆ వరుస కింద ఎర్రగీత గీశాను. ముప్పైలో ఒకటి తీసి ఇరవై తొమ్మిది రాశాను. నలభై ఏడు కలిపి డెబ్బై ఆరు. సంతకం పెట్టి, తేదీ వేసి, హెడ్డు గారి ముందుకు జరిపాను. ఆయన కాసేపు నన్ను చూశారు, కాసేపు కాగితాన్ని చూశారు. సూపరింటెండెంటు జేబులోంచి కలం తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఇక తప్పక సంతకం పెట్టారు.

ఫైళ్ళక్క కాగితం తీసుకుని మార్కులు ఒకసారి చదువుకుంది. కూడిక సరిపోయిందో లేదో వేలితో చూసుకుంది. మడిచి సంచిలో పెట్టుకుంది. “మూడింటి నుంచి ఫైళ్ళు ఆగిపోయుంటాయి. వెళ్తాను” అని తలుపు తీసుకుని, మా ముగ్గురినీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. వరండాలో ఆవిడ చెప్పుల చప్పుడు మెట్లదాకా వినబడింది.

హెడ్డు గారు కుర్చీలో వెనక్కి వాలి, ముఖం మాడ్చుకుని అన్నారు: “చూశావా ఆ పొగరు? కనీసం థ్యాంక్స్ కూడా చెప్పలేదు.”

“దేనికి సార్?” అన్నాను నేను.